మేస్త్రి పన్ను తీసిన డాక్టరమ్మ

తమిళనాడులోని గుడియాత్తంలో మా పళ్ళ డాక్టరమ్మ పోయిందని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. ఆమె దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను. నేను వెళ్ళేసరికి వాకిట్లో పట్టుమని పదిమంది లేరు.

బతికున్న రోజుల్లో ఆమె, రోగి నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, దాని కాడను తన చెంపకు ఆనించి వేడి చూసుకునేది. చల్లటి ఇనుము తగిలితే మనిషి బెదురుతాడని ఆమె పట్టింపు.

తొంభైల నడుమ ఒక మేస్త్రి వచ్చాడు. మన తెలుగువాడే. దవడ వాచి కన్ను మూసుకుపోయింది.

"నాకు హెచ్‌ఐవి ఉండాదమ్మా. వేలూరులో రెండు చోట్ల చెప్తానే పంపించేసినారు. దాచిపెట్టేకి మనసు రాలే."

నా చేతిలో పనిముట్ల ట్రే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి గుమ్మం బయటికి వెళ్ళిపోయాను. డాక్టరమ్మ నన్ను పిలవలేదు. ఎప్పటిలాగే అద్దం వేడిచేసుకుంది.

"చెప్పి మంచి పని చేసినావు నాయనా. నోరు తెరువు."

ఒక్కతే పన్ను తీసింది. తర్వాత పనిముట్లు కడిగి ఆవిరిపెట్టెలో పెడుతూ నాతో అంది: "ఎవురొచ్చినా ఇట్లే కడగతాం కదా. చెప్పినోడికని వేరేగా ఏముండాది?"

నేను ఇంటికెళ్ళి ఆ సంగతి మా ఆడబిడ్డతో చెప్పాను. భయంతోనే చెప్పాను. వారం తిరక్కుండానే వీధంతా పాకింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మేస్త్రిని పనిలోంచి తీసేశారు.

డాక్టరమ్మ నన్ను పని మాన్పించలేదు. ఒక్కసారే అడిగింది. "నా పేషెంట్లు పోతే పోనీ. ఆయప్ప పని పోయిందే, దానికేం చేస్తావు?"

 

తర్వాత మేస్త్రి మూడుసార్లు వచ్చాడు. చిగుళ్ళు పుండ్లు పడి, మంచినీళ్ళు మింగినా మంట. డాక్టరమ్మ పుండ్లు కడిగి మందు పూస్తుంటే ట్రే నేనే పట్టుకున్నాను. అతను నాకు కూడా దండం పెట్టాడు. నోరు జారింది నేనేనని చెప్పలేకపోయాను.

వానలు పడకముందే పోయాడు. పదిరోజుల తర్వాత అతని భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పోయే ముందు, కడాసి నాలుగు దినాలూ నొప్పి లేకుండా రసం అన్నం తిన్నాడమ్మా. చెప్పిపోదామని వచ్చినాను."

డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఆమె పళ్ళు కూడా చూసి పంపింది. ఆ రోజు ఇంకెవరూ రాలేదు. రోగులు కూర్చునే కుర్చీలో తానే వెనక్కి వాలి, గ్లౌజులైనా తీయకుండా, ఖాళీ వీధి వైపు చూస్తూ కూర్చుంది.