ముప్పై ఏడో నంబరు

మొదటి రోజు ఉదయం తొమ్మిదీ నలభై అయ్యేసరికే స్టోరుగారు తన వీపుసంచిని నాలుగుసార్లు బండమీద బోర్లించారు. కొండదారిలో నడక మొదలై అప్పటికి రెండు గంటలు కూడా కాలేదు. సంచి బోర్లించడం ఆయనకు పట్టుకున్న జబ్బు. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగుతారు. "ముప్పై ఏడు కనబడటం లేదు" అంటారు. ఇక అంతే. గ్లాసు దగ్గర్నుంచి బనీను దాకా సంచిలో ఉన్నదంతా బయటికొచ్చి ఎండలో వరసగా కూర్చోవాల్సిందే.

ఆయన అసలు పేరు చుట్టాలక్కూడా గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి స్టోరు చూసి రిటైరైన మనిషి. కరెంటు పోయినప్పుడు నర్సు వచ్చి కత్తెర అడిగితే, కుర్చీలోంచి లేవకుండా "పదకొండో అర, ఎడమ పక్క, దూది వెనకాల" అని చెప్పేవారు. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క సూది పోలేదు. ఇంట్లో ఉప్పు డబ్బాకీ నంబరే, గొడుగుకీ నంబరే. "పెళ్లైన కొత్తలో నాకూ ఒకటి అంటిస్తారేమోనని హడలి చచ్చాను" అంటుంది ఆయన భార్య. ఈ నడకకు తెచ్చుకున్న ప్రతి వస్తువు మీదా తెల్ల రంగుతో నంబరు వేసి, జాబితా ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకున్నారు. అలాంటి మనిషికి ఒకే వస్తువు రోజుకు ఎనిమిదిసార్లు ఎలా పోతుందో ఎవరికీ అంతు చిక్కలేదు.

అంతు తేల్చుకునే తీరిక అల్లుడికి అసలే లేదు. అతని గొడవ అతనిది. కళ్లద్దాల దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఫ్రేముల్లో అద్దాలు బిగించడం అతని పని. పెళ్లికి ముందు, ఈ ఇంట్లో అందరూ కొండలెక్కే రకమని తెలిసి, "నేనూ రోజూ పొద్దున్నే పార్కులో ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతాను" అని ఓ మాట వదిలాడు. ఆ మాట ఎనిమిది నెలలు హాయిగా నిద్రపోయి, ఇప్పుడు లేచి వచ్చి మెడకు చుట్టుకుంది. అతనూ, భార్యా, అత్తగారూ, మామగారూ కలిసి నాలుగు రోజుల నడక. కొండల్లో నలభై ఎనిమిది కిలోమీటర్లు చుట్టి, బయల్దేరిన చెక్‌పోస్టుకే తిరిగి చేరాలి.

చెక్‌పోస్టులో గార్డు పేర్లు రాసుకుంటూనే హెచ్చరించాడు.

"మూడో రోజు కనుమ దాటాలి మీరు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత దాని జోలికి పోకండి. మబ్బు దిగిందంటే మీ చెయ్యి మీకే కనబడదు. ఆలస్యమైందా, వచ్చిన దారినే వెనక్కి తిరగండి."

"వెనక్కి తిరగడం మా ఇంటా వంటా లేదండీ" అంది కూతురు. "పైగా మావారు రోజుకు ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతారు."

గార్డు అల్లుణ్ణి పైనుంచి కిందికి చూశాడు. పొట్ట దగ్గర కాసేపు ఆగాడు.

మొదటి ఎక్కుడులోనే అల్లుడి ఊపిరి కొలిమితిత్తిలా కొట్టుకుంది. ఆ చప్పుడు బయటికి వినబడకుండా నోరు మూసుకున్నాడు. ముక్కుతో పీలిస్తే ఈల వచ్చింది. ఇంకో పది అడుగులు వేస్తే పడిపోతాననుకున్న క్షణాన ముందు నుంచి మామగారి గొంతు.

"ముప్పై ఏడు కనబడటం లేదు."

అల్లుడు బండమీద కూలబడ్డాడు. దేవుడున్నాడనుకున్నాడు.

"ఏమిటండీ ఆ మాయదారి ముప్పై ఏడు? అది లేకపోతే పొద్దు గడవదా?" అంది అత్తగారు.

"లెక్క లెక్కేనే."

"సూదీదారం అయ్యుంటుంది."

"కాదమ్మా, డబ్బా మూత తీసేదనుకుంటా. నాన్నా, అదేమిటో చెబితే మేమూ వెతుకుతాం కదా!"

"చెబితే తొందరపడి వెతుకుతారు. తొందరలో వెతికింది ఎప్పుడు దొరికింది?" అని ఆయన తాపీగా సాక్సులు దులిపి, సబ్బు వాసన చూసి, మళ్లీ ఒక్కొక్కటే సంచిలోకి దించారు. ఒక్కో బోర్లింపుకు పద్నాలుగు నిమిషాలు. మొదటి ఏడు నిమిషాలు అల్లుడికి ప్రాణం లేచొచ్చేది. మిగతా ఏడు నిమిషాలూ కనుమా, ఒంటిగంటా గుర్తొచ్చి అదే ప్రాణం గుటుక్కుమనేది. ఆగితే ఆలస్యం, ఆగకపోతే అవమానం. ఆలస్యమై వెనక్కి తిరిగితే ఎక్కినవన్నీ దిగాలి, దిగినవన్నీ ఎక్కాలి. అప్పుడు ఐదు కిలోమీటర్ల బండారం ఎలాగూ బయటపడుతుంది.

రెండో రోజు సాయంత్రం గుడారం ముందు అతను కాలి బొబ్బలు దాచుకుంటుంటే భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఇవాళ తొమ్మిదిసార్లు. నాన్న ఇలాగే చేస్తే రేపు కనుమ దాటం. నువ్వు చెప్పు, అల్లుడివి, నీ మాట కొట్టెయ్యడు."

"నేనా? పెద్దవారు... పోనీలే..."

"నీకు మొహమాటం ఎక్కువ" అంది. అతను మింగలేక కక్కలేక బొబ్బల మీదికి సాక్సు లాక్కున్నాడు.

మూడో రోజు పన్నెండూ ఇరవైకి కనుమ ఎదురుగానే ఉంది. దారి నిచ్చెన వేసినట్టు నిట్టనిలువుగా ఉంది. పక్క కొండ మీదినుంచి తెల్లటి మబ్బు పాలు పొంగినట్టు ఇటే వస్తోంది. అల్లుడి కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయి. సరిగ్గా అప్పుడు మామగారు ఆగారు.

"నాన్నా, ఇప్పుడు కాదు!" అని అరిచింది కూతురు. "నలభై నిమిషాలే ఉన్నాయి!"

"ముప్పై ఏడు..." అంటూ ఆయన సంచి బోర్లించేశారు.

విసురుగా గాలి వీచింది. జాబితా అట్ట ఎగిరింది. అది లోయలో పడకుండా అల్లుడు ఉన్నపళంగా కాలు వేసి తొక్కాడు. తీసి దుమ్ము దులుపుతూ చదివాడు. ముప్పై నాలుగు, దువ్వెన. ముప్పై అయిదు, తువ్వాలు. ముప్పై ఆరు, సబ్బు. దాని కింద ఒక గీత. గీత కింద ఏమీ లేదు. తిరగేసి చూశాడు. అటు పక్కా ఏమీ లేదు.

"మామగారూ, ఇందులో ముప్పై ఏడు లేదు."

"అందుకే కదండీ అల్లుడుగారూ, కనబడటం లేదు."

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. మూడు రోజుల ఎత్తుపల్లాలు గబగబా కళ్లముందు తిరిగాయి. దిగుడు దారిలో ఆ వస్తువు ఒక్కసారి కూడా పోలేదు. తను చావబోయినప్పుడల్లా పోయింది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు నెమ్మదిగా.

"మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజునుంచీ. మూడంతస్తులు ఎక్కొచ్చి, గుమ్మం బయట నాలుగు నిమిషాలు బూట్లు విప్పారు. నేను తలుపు వెనకే ఉన్నాను. ఊపిరి కుదుటపడ్డాక తీశాను."

"కాసేపు కూర్చుందాం అంటే పోయేది కదండీ!"

"అంటే మీరేమంటారు? నాకేం అలసట లేదంటారు. ఆ మాట అన్నాక దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో అరగంట నడుస్తారు. ముసలాడి మతిమరుపైతే ఎవరికీ నామోషీ లేదు."

మబ్బు మొదటి పాయ వచ్చి వాళ్ల మొహాలకు చల్లగా తగిలింది. సంచి సర్దడానికే పది నిమిషాలు పడుతుంది. అల్లుడు భార్యవైపు తిరిగాడు.

"నేను రోజూ పరిగెత్తను. ఎప్పుడూ పరిగెత్తలేదు. మూడు రోజుల నుంచీ చచ్చిపోతున్నాను."

భార్య నోరు తెరిచింది. "మరి రోజూ పొద్దున్నే పార్కుకు వెళ్లి ఏం చేస్తున్నావు?"

"బెంచీ మీద కూర్చుంటున్నాను."

"గంటసేపా?"

"మధ్యలో లేచి కుళాయి దగ్గర ఒళ్లు తడుపుకుని వస్తాను. చెమటలా ఉంటుందని."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో దగ్గో చెప్పడం కష్టం. భార్య మాత్రం నవ్వలేదు. అతని సంచిలోంచి గుడారం బట్ట లాగి తన సంచిలో కుక్కుకుంది. వంట గిన్నెలు తల్లికి ఇచ్చింది. ముప్పై ఆరు వస్తువుల్నీ నంబర్లు చూడకుండా తండ్రి సంచిలోకి తోసేసింది. స్టోరుగారు కళ్లు మూసుకున్నారు. అది మాత్రం ఆయన చూడలేకపోయారు.

"నువ్వు ముందు నడు" అంది భర్తతో. "నీ అడుగు వెనకే మా అడుగు. ఆయాసమొస్తే చెప్పు, నిలబడి పది లెక్కపెడదాం, మళ్లీ నడుద్దాం. అబద్ధమాడావో, ఇక్కడే వదిలేస్తా."

అతను నిజంగానే చెప్పాడు. పదకొండుసార్లు చెప్పాడు. ప్రతిసారీ నలుగురూ పది లెక్కపెట్టారు. మబ్బు మడమల దాకా వచ్చింది. కనుమ మీద కాలు పెట్టేసరికి గడియారంలో పన్నెండూ యాభై ఎనిమిది. అవతలి పక్కంతా ఎండ. అల్లుడు రాళ్లగుట్టకు ఆనుకుని, ఈసారి ఊపిరిని దాచుకోకుండా, నోరారా, చప్పుడు చేస్తూ పీల్చుకున్నాడు. ఆ చప్పుడు విని మామగారు ఆసుపత్రిలో పాత ఆక్సిజన్ సిలిండరు గుర్తొచ్చిందన్నారు.

నాలుగో రోజంతా దిగుడే. చెక్‌పోస్టు చేరారు. ఇంటికొచ్చారు.

తర్వాతి సోమవారం పొద్దున్న ఆరింటికి అల్లుడి ఇంటి గంట మోగింది. గుమ్మంలో స్టోరుగారు, కాళ్లకు కొత్త బూట్లు.

"పార్కుకే కదా, నేనూ వస్తాను పదండి" అన్నారు.

ఆ రోజు ఇద్దరూ కలిసి పరిగెత్తింది నాలుగు వందల మీటర్లు. ముందు ఆగింది మామగారే.