మధ్యాహ్నం పూట తెగిపోయే కనెక్షన్

అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీకి వచ్చిన రెండో ఏడు నేను ఓడలో పని నేర్చుకున్నాను. నిజం ఓడ కాదు, కంప్యూటర్ గేమ్‌లో. నలుగురు మనుషులు నాలుగు ఊళ్ళ నుంచి ఆన్‌లైన్‌లోకి వచ్చి ఒకే ఓడ నడపాలి. ఒకరు చుక్కాని పట్టుకుంటే ఒకరు తెరచాపలు, ఒకరు ఫిరంగులు చూసుకుంటారు. నాలుగో మనిషి అడుగుకి దిగి, లోపలికొచ్చే నీళ్ళు తోడిపోస్తూ ఉండాలి. ఆ నాలుగో మనిషిని నేను.

అంతకు ముందు ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఇక్కడికి మా ఆయన వీసా మీద వచ్చాను కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. ఉన్న ఒక్క కారూ ఆయన ఆఫీస్‌కి తీసుకెళ్ళేవారు. అపార్ట్‌మెంట్ చుట్టూ పైన్ చెట్లు, శుభ్రమైన ఫుట్‌పాత్, దాని మీద ఒక్క మనిషి ఉండేవాడు కాదు. ఆయన ఎప్పుడో ఆఫర్‌లో కొని, ఆడకుండా మూల పడేసిన గేమింగ్ లాప్‌టాప్‌ని ఒకరోజు దుమ్ము దులిపి తెరిచాను. అలా దొరికింది ఆ ఓడ.

చుక్కాని పట్టేది ఒహాయోలో ఉండే ఒక పెద్దావిడ. అందరం కెప్టెన్ అనేవాళ్ళం. ఆవిడ నన్ను టీచర్ అనేది. మిగతా ఇద్దరూ నైట్ షిఫ్ట్ చేసి పగలు ఆడుకునే మగవాళ్ళు. రోజూ పదకొండుకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రెండింటి దాకా మాట్లాడే మనుషులుండేవారు. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఒక సోమవారం గేమ్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. ఆరోజు తుఫానులోకి వెళ్ళగానే నా తెర ఒక్కసారి బిగుసుకుపోయి, గేమ్ దానంతటదే మూసుకుపోయింది. మళ్ళీ తెరిచి వెళ్ళేసరికి నీళ్ళు తోడేవాళ్ళు లేక ఓడ మునిగింది. మర్నాడూ అంతే. మూడోరోజు కూడా మునిగాక, ఫిరంగులు చూసే అతను అన్నాడు: "ఈమె కంప్యూటర్ బాగయ్యేదాకా ఇంకెవరినైనా తీసుకుందాం."

నేను వింటున్నానని అతనికి తెలుసో లేదో. మైక్ ఆపేసి కూర్చున్నాను. చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. గేమ్‌కి ఏడుపేమిటి, ముప్ఫై మూడేళ్ళదాన్ని, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కెప్టెన్ గొంతు వినిపించింది. "తీసుకోం. బాగయ్యేదాకా రేవులోనే ఉంటాం. చేపలు పట్టుకో."

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "వీకెండ్ చూస్తాలే. అయినా గేమ్స్ నా ఏరియా కాదు," అన్నారు, ఇంకో మీటింగ్‌లోకి వెళ్తూ.

మర్నాడు కెప్టెనే ఫోన్ చేసింది. "తెర మీద ఏమని వచ్చింది?"

"ఏదో ఎర్రర్..."

"ఏదో అంటే నాకెలా తెలుస్తుంది? ఒక్కో అక్షరం చదువు."

చదివాను. ఆవిడకీ అర్థం కాలేదు. కానీ 'ఒక్కో అక్షరం' అన్న ఆ మాటతో నాకు నా ల్యాబ్ గుర్తొచ్చింది. ఇంటర్ పిల్లలకి ప్రాక్టికల్స్‌లో పేరు చెప్పకుండా చిటికెడు తెల్లటి లవణం ఇచ్చి, అదేమిటో కనుక్కోమంటాం. చూడగానే ఊహించి రాసేస్తే మార్కులు పడవు. ఒక్కో పరీక్షా చేసి, ఇది కాదు, ఇది కాదు అని కొట్టేసుకుంటూ పోవాలి. చివరికి మిగిలేదే జవాబు. ఆరేళ్ళు అదే చెప్పినదాన్ని, మూడు రోజులుగా ఊరికే బటన్లు నొక్కుతూ కూర్చున్నాను.

పొడుగు నోట్‌బుక్ తీసి మూడు గళ్ళు గీశాను. ప్రయోగం, పరిశీలన, నిర్ణయం. గేమ్ ఫైళ్ళు సరిచూశాను. అయినా మూసుకుపోయింది. కొట్టేశాను. లాప్‌టాప్ వేడెక్కుతోందేమోనని కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాను. కొట్టేశాను. బొమ్మల నాణ్యత బాగా తగ్గించాను. మామూలు కంటే పది నిమిషాలు ఎక్కువ ఆడింది. అంటే తీగ దొరికింది. తెర మీద బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా ఆ వారమే కొత్తది ఎక్కిందని చూశాను. దాన్ని తీసేసి పాతది పెట్టాను. తుఫానులోకి వెళ్ళాం, బయటికొచ్చాం. గేమ్ మూసుకుపోలేదు.

సంబరం రెండు రోజులే. ఈసారి గేమ్ బాగానే ఉండేది, 'కనెక్షన్ పోయింది' అని నన్ను మాత్రం బయటికి నెట్టేసేది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, మోడెమ్ ఆపి మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. ఏమీ మారలేదు. పోయిన ప్రతిసారీ టైమ్ రాసుకున్నాను. వారం తర్వాత ఆ కాగితం చూస్తే పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్యే అన్నీ.

ఆ టైమ్‌లో ఏముంటుంది? నాకు ఆకలేస్తుంది. ఆట ఆపకుండా, రాత్రి మిగిలిన పప్పన్నం మైక్రోవేవ్‌లో పెట్టి పరిగెత్తుకొచ్చి కూర్చుంటాను.

లేచి ఒక కప్పు నీళ్ళు మైక్రోవేవ్‌లో పెట్టి రెండు నిమిషాలు నొక్కాను. మొన్న టేబుల్ ఖాళీ చేస్తూ నేనే జరిపిన వైఫై పెట్టె దాని పక్క గట్టు మీదే ఉంది. కనెక్షన్ పోయింది. ఆగాక మళ్ళీ వచ్చింది. ఇంకోసారి పెట్టాను. మళ్ళీ పోయింది. మూడోసారి కూడా పోయాక, మైక్రోవేవ్ తరంగాలే వైఫైకి అడ్డొస్తున్నాయని తేలింది. ఎవరూ లేని ఇంట్లో "దొరికింది!" అని గట్టిగా అరిచాను. కెప్టెన్‌కి చెబితే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. "అంటే మనల్ని ఇన్నాళ్ళూ ముంచింది నీ పప్పా?" అని ఫిరంగుల అతను అన్నాడు. ఆ తర్వాత, "ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది, సారీ," అన్నాడు.

నేను చెబితే, సాయంత్రం మా ఆయన వైఫైతో పని లేకుండా పొడుగాటి ఇంటర్నెట్ కేబుల్ కొనుక్కొచ్చి, గోడ వెంట టేపు అంటిస్తూ లాప్‌టాప్ దాకా లాగారు. టేబుల్ మీదున్న నోట్‌బుక్ తీసి నిలబడే చదవడం మొదలుపెట్టారు. తర్వాత కూర్చున్నారు.

"ఇదంతా నువ్వే చేశావా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా టీమ్‌లో ఎవ్వరూ ఇంత నీట్‌గా రాయరు." పేజీ తిప్పి, ఇంకాస్త చదివి, "రోజంతా ఇలా ఒక్కదానివే ఉంటున్నావని నేను అసలు ఆలోచించలేదు," అన్నారు.

ఆ వారం నుంచి మంగళ, గురువారాలు కార్ నాకు వదిలి, తోటి ఉద్యోగి కార్‌లో ఆఫీస్‌కి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ మే నెలలో కెప్టెన్, సౌత్ కరోలినాలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తూ దారిలో మా ఇంటికి వచ్చింది. తలుపు తీస్తే చేతికర్రతో, నేననుకున్న దానికంటే చాలా పెద్ద వయసు మనిషి. ఏడాదిగా రోజూ మూడు గంటలు మాట్లాడుకున్నవాళ్ళం, ఎదురెదురుగా కూర్చుని వాన గురించీ దారి గురించీ మాట్లాడుకున్నాం. పెసరట్టు పెట్టాను. అల్లం పచ్చడి మూడుసార్లు వేయించుకుంది.

తిన్నాక ధైర్యం చేసి అడిగాను, ఆరోజు నన్నెందుకు వదిలేయలేదని.

"ఇరవై ఎనిమిదేళ్ళు స్కూల్ బస్ నడిపాను," అంది. "ఒక్కరోజు, లేటవుతోందని, ఇంకా రాని ఒక పిల్ల కోసం ఆగకుండా వెళ్ళిపోయాను. అది మంచులో రెండు మైళ్ళు నడిచి వచ్చింది. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది."

మంచినీళ్ళు తాగి, ఇక బయల్దేరతానంది. మిగిలిన అట్లు ఫాయిల్‌లో చుట్టి, పచ్చడి సీసాలో పెట్టి ఇచ్చాను. వాన పడేలా ఉంది, చేరగానే మెసేజ్ పెట్టమన్నాను. చీకటి పడుతుండగా వచ్చింది: "చేరాను. పచ్చడి చెల్లెలి దాకా రాలేదు."