ఆయన కొలతలు రాలేదు

నాటకశాలలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆవిడ టేపక్క. మెడలో ఎప్పుడూ వేలాడుతూ ఉండే కొలతల టేపు తెచ్చిపెట్టిన పేరది. పంతొమ్మిదేళ్లుగా రాజుల అంగీలూ, బిచ్చగాళ్ల చిరుగులూ ఆవిడ చేతుల మీదుగానే వేదిక ఎక్కాయి. రాజు అంగీ కంటే బిచ్చగాడి చిరుగులే కష్టమంటుంది. కొత్త గుడ్డను పదేళ్ల నాటి గుడ్డలా చింపాలంటే ఓపిక ఉండాలి మరి.

ఏటా ఒక శుక్రవారం ఉదయం అక్కడ కొత్త సీజన్ ప్రకటిస్తారు. నాటకశాల ముందు హాల్లో డైరెక్టరు మెట్ల మీద నిలబడి, ఆ ఏడాది ఆడబోయే ఐదు నాటకాల పేర్లూ, ఏ వేషం ఎవరిదో చదువుతాడు. ఏ వేషం ఎవరికన్నది అప్పటిదాకా ముగ్గురికే తెలుసు. డైరెక్టరుకి, మేనేజరు గారికి, టేపక్కకి. దుస్తుల పని ముందే మొదలుపెట్టకపోతే మొదటి నాటకానికి అందదు. అందుకని ప్రకటనకు పది రోజుల ముందు మేనేజరు గారు ఒక కవరు తెచ్చి కుట్టుగదిలో ఇస్తారు. అందులో వేషానికొక చీటీ ఉంటుంది. వేషం పేరు, వేసే మనిషి పేరు, కొలతలు.

కొన్నేళ్ల కిందట ఇస్త్రీ చేసే ఆయన ఆ చీటీలు చూసి ఎవరి చెవిలోనో ఊదాడు. ప్రకటన రోజున ఇద్దరు నటులు హాల్లోనే కాలర్లు పట్టుకున్నారు. ఆ ఇస్త్రీ ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానుతుందమ్మా, అందుకే నీకు ఇస్తున్నా" అని మేనేజరు గారు అప్పటినుంచీ ప్రతిసారీ అంటారు. టేపక్క కూడా ప్రతిసారీ తల ఊపి, కవరు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆవిడ భర్త కూడా అక్కడే నటుడు.

ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. కథానాయకుడి అన్న, రెండో అంకంలో వచ్చే వైద్యుడు, ఉత్తరం తెచ్చే మనిషి, ఆఖర్న నిజం బయటపెట్టే గుమాస్తా, ఇవీ ఆయన వేషాలు. బాగా వేస్తాడు. ఎక్కడా మాట తడబడడు, ఎవరికీ అడ్డం రాడు. ఇంటికి వెళ్లేటప్పుడు జనం నాటకం గురించి మాట్లాడుకుంటారు, ఆయన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈసారి మొదటి నాటకం ఓడ నడిపే ఒక ముసలి సరంగు కథ అని ముందే పొక్కింది. చూపు పోయినా ఓడ దిగనని మొండికేసే సరంగు. ఆ వేషం మాటలు చదివి చూపించడానికి ఎవరైనా రావచ్చంటే ఆయన వెళ్లి చదివాడు. డైరెక్టరు "బాగుంది, చాలా బాగుంది" అన్నాడట. ఆ రెండో 'బాగుంది' దగ్గర ఆయన బుర్ర తిరిగిపోయింది. గడ్డం పెంచాడు. ఇంట్లో కళ్లు మూసుకుని నడవడం మొదలుపెట్టాడు. బల్ల అంచుకి తొడ కొట్టుకునేవాడు, తలుపుకి నుదురు తగిలించుకునేవాడు, టీ కప్పులో పొయ్యబోయి సాసర్లో పోసేవాడు.

"నాన్నా, కుర్చీ ఇటు జరిపాను చూసుకో" అని కూతురు హెచ్చరిస్తే, "చెప్పకమ్మా. సరంగుకి ఎవరు చెప్తారు?" అనేవాడు.

అంతటితో ఆగలేదు. అక్కగారికి ఫోన్ చేసి, "శుక్రవారం నువ్వూ బావా రండి, ప్రకటన మీ చెవులతో వినాలి" అన్నాడు. "ఆలూ లేదు చూలూ లేదు, నీ హడావుడి నీదేరా తమ్ముడూ" అని ఆవిడ నవ్వింది. అయినా వస్తామంది.

మంగళవారం నాడు కవరు వచ్చింది. టేపక్క తలుపు గడియపెట్టి చీటీలు బల్ల మీద పరిచింది. సరంగు చీటీ అన్నిటికంటే పైనే ఉంది. ఛాతీ నలభై నాలుగు. తన భర్తది ముప్పై ఎనిమిది. పేరు చూస్తే ఎవరో బయటి ఊరి నటుడు. సరే, సరంగు రాకపోతే పోనీ, ఇంకోటి వచ్చే ఉంటుందనుకుంటూ మిగతావి తిరగేసింది. రెండో నాటకం, మూడోది, నాలుగోది, ఐదోది. కవరు తిరగేసి దులిపింది. ఆయన పేరు ఎక్కడా లేదు. ఉత్తరం తెచ్చేవాడి వేషం కూడా ఎవరో కుర్రవాడికి వెళ్లింది.

ఆవిడ నేరుగా మేనేజరు గారి గదికి వెళ్లింది. "చీటీలన్నీ ఇచ్చారా సార్? ఏదైనా మీ బల్ల మీద ఉండిపోయిందా?"

మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అన్నీ ఇచ్చానమ్మా."

"మా ఆయనది..."

"అన్నీ ఇచ్చాను" అని మళ్లీ అన్నారు, ఈసారి మెల్లగా. "శుక్రవారం దాకా నా నోట రాదు. నీ నోటా రాకూడదు. ఇంకేమీ అడక్కు."

అక్కడినుంచి ఆవిడకి కాలు నిలవలేదు. పగలు సరంగు కోటు కత్తిరించడం, సాయంత్రం ఇంటికెళ్లి సరంగు మాటలు వినడం. ముదురు నీలం గుడ్డ మీద సుద్దతో నలభై నాలుగు అంగుళాల మనిషికి గీతలు గీస్తుంటే, ముప్పై ఎనిమిది అంగుళాల మనిషి గొంతు చెవిలో మోగేది. కోటు ఎడమ చేతిని రెండుసార్లు తప్పుగా కత్తిరించింది. పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. ఇంట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది, మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తెలియదు. చెప్తే నమ్మినవాళ్లకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే అందరిముందూ ఆయన పరువు పోతుంది. కక్కలేక మింగలేక నాలుగు రోజులు గడిచాయి, ఆరు గడిచాయి.

"అమ్మా, నీకు ఒంట్లో బాగాలేదా?" అంది కూతురు.

"బాగానే ఉంది. నువ్వు చదువుకో."

"గంటనుంచీ ఆ కిటికీ తీస్తున్నావు, వేస్తున్నావు."

గురువారం సాయంత్రం ఆయన మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. "రేపటికి ఈ గడ్డం కాస్త సరిచెయ్యి. మరీ పొట్టిగా వద్దు. సరంగు గడ్డంలా ఉండాలి. అక్కావాళ్లు తొమ్మిదింటికల్లా వచ్చేస్తారట" అన్నాడు.

ఆవిడ కత్తెర పట్టుకుంది. చెవి దగ్గర రెండు వెంట్రుకలు కోసి, కత్తెర బల్ల మీద పెట్టేసింది. ఎదురుగా వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏవండీ, చీటీలు వచ్చాయి."

"వస్తాయిగా. ఎప్పుడూ వచ్చేవేగా."

"మీ కొలతలు రాలేదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "నా కొలతలు నీకెందుకు? నోటికి వచ్చుగా" అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు.

"సరంగుకి వేరే మనిషి. మిగతా నాలుగింట్లోనూ మీ పేరు లేదు. ఏ వేషంలోనూ లేదు."

ఆయన తువ్వాలు అంచు వేళ్లకు చుట్టుకున్నాడు. "ఎప్పుడొచ్చాయి?"

"పోయిన మంగళవారం."

"తొమ్మిది రోజులు." వేళ్ల మీద లెక్కపెట్టుకున్నట్టు మెల్లగా అన్నాడు. "తొమ్మిది రోజులు నేను కళ్లు మూసుకుని గోడలకి గుద్దుకుంటుంటే చూస్తూ ఉన్నావన్నమాట."

"మాట ఇచ్చానండీ."

"ఎవరికిచ్చావ్? మేనేజరుకి. నాతో ఉంటున్నది ఇరవై రెండేళ్లు, ఆయనకిచ్చిన మాట ఎక్కువైందా నీకు?"

ఆయన తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి, వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చాడు. అన్నం తిన్నాక అక్కగారికి ఫోన్ చేసి, "రేపు రావద్దులే, ఇక్కడ కుదరడం లేదు" అన్నాడు. ఎందుకు ఏమిటి అని ఆవిడ గుచ్చి గుచ్చి అడుగుతున్నట్టుంది. "తర్వాత చెప్తానక్కా" అని పెట్టేశాడు.

ఇక వెళ్లడనుకుంది టేపక్క. వెళ్లాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ముందు హాల్లో అందరి వెనకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సరంగు పేరు చదివినప్పుడు నలుగురు తిరిగి ఆయన వైపు చూశారు. ఆయన చప్పట్లు కొట్టాడు. ఐదు నాటకాలూ అయిపోయాక, జనం పలచబడ్డాక, మెట్ల దగ్గరికి వెళ్లి డైరెక్టరుని అడిగాడు. టేపక్క వింటూ పక్కనే ఉంది.

"సరంగు రానందుకు కాదు, సార్. అది మీ ఇష్టం. కనీసం ఉత్తరం తెచ్చేవాడికి కూడా పనికిరాకుండా పోయానా?"

డైరెక్టరు ఇబ్బందిగా చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. "అంత పెద్ద వేషం కోసం ఆశపడ్డారు. చిన్నది ఇస్తే నొచ్చుకుంటారనుకున్నా."

"అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడాయన. గొంతు పెంచలేదు. అంతే, వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే టేపక్క మేనేజరు గారి గదికి వెళ్లి, తాను నిన్న ఇంట్లో చెప్పేశానని చెప్పుకుంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. చెప్పకుండా ఉండిపోవచ్చు కూడా. "నువ్వు కాక ఇంకెవరైనా అయితే పంపేసేవాణ్ణి" అన్నారు మేనేజరు గారు. "ఇకమీదట ప్రకటన అయ్యాకే చీటీలు ఇస్తాను. పది రోజుల పని తగ్గిపోతుంది, ఎలా సర్దుకుంటావో నీ ఇష్టం." ఆవిడ సరేనంది. బీరువా తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆయన రెండు వారాలు ఇంట్లో పంజరంలో పులిలా తిరిగాడు. ఆవిడతో అవసరమైనంతే మాట్లాడేవాడు. టీ పెట్టావా, అమ్మాయి వచ్చిందా, అంతే. మూడో వారంలో పక్క ఊరి చిన్న నాటక బృందం వాళ్లు మనుషుల కోసం చూస్తున్నారని విని, పొద్దున్నే రైలెక్కి వెళ్లి చదివి వచ్చాడు. ఎవరితోనూ పడని ఒక ఇంటి యజమాని వేషం. రెండు రోజుల్లో రమ్మని కబురొచ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి ముందు కూతురికి చెప్పాడు. తర్వాత వంటగది గుమ్మంలో నిలబడి, "వచ్చింది" అన్నాడు భార్యతో.

"విన్నాను. ఎన్ని రోజులు?"

"ఆట బాగుంటే ఏడాదంతా. సోమవారాలు ఇంటికొస్తా." వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "అక్కడ దర్జీ ఉన్నాడు గానీ, నా కొలతలు రాసివ్వు. వాడు చేత్తో జానలు వేసి కొలుస్తున్నాడు" అన్నాడు.

ఆవిడ అప్పటికప్పుడే కాగితం తీసి రాసిచ్చింది. నడుము దగ్గర ఒక అంగుళం తగ్గించి రాసింది. ఆ మూడు వారాల్లో ఆయన అంత చిక్కిపోయాడు.

మరుసటి ఏడు ప్రకటన శుక్రవారం నాడు టేపక్క మొట్టమొదటిసారి అందరితోపాటు హాల్లో నిలబడి, ఏమీ తెలియకుండా విన్నది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కనున్న నటి గోళ్లు కొరుక్కుంటుంటే, ఇన్నేళ్లూ వీళ్లంతా ఇలాగే నిలబడేవాళ్లు కాబోలు అనుకుంది. మొదటి నాటకంలో ఆయన పేరు లేదు. రెండోదాంట్లో లేదు. మూడో నాటకంలో వచ్చింది. మరీ చిన్న వేషం కాదు, అలాగని పెద్దదీ కాదు. ఆవిడ బయటికి వెళ్లి మెట్ల మీదనుంచే ఫోన్ చేసింది.

అవతల ఏదో సామాను జరుపుతున్న చప్పుడు. "సరే" అన్నాడాయన. "ఇక్కడ ఆట ఇంకా నడుస్తోంది. ఆలోచించి చెప్తానని చెప్పు."

ఆవిడ లోపలికి వెళ్లి ఆ మాటే మేనేజరు గారికి చెప్పింది.

"ఆలోచిస్తాడా?" అన్నారాయన, కవరు అందిస్తూ.

"ఆలోచిస్తారట" అంది టేపక్క. కవరు అక్కడే విప్పి, చీటీలు చదువుకుంటూ కుట్టుగది వైపు నడిచింది.