భూచంపకం మూలలో కాలు పెట్టనివ్వని మా బావ

ఈ పోస్ట్ రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మా బావ ఫేస్‌బుక్ చూసే మనిషి కాదు. చూసినా "ఇంత సోదెందుకు బావా" అనేవాడు.

నిన్న పొద్దున్న రాజోలు బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

సత్తిబాబు బావ లేడట.

వాళ్ళ ఊరికి ఏ బస్సు ఎక్కాలో మర్చిపోయాను. జన్మంతా ఎక్కిన బస్సే.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. బావ కొబ్బరి రైతు. ఇంటి ముందే, చెట్ల నీడలో, ఓ మూల భూచంపకం పెంచేవాడు. చలికాలానికి ఆకంతా ఎండి మాయమవుతుంది. ఉత్త నేల. ఎండలు ముదిరాక ఆకైనా లేకుండా మట్టిలోంచి నేరుగా పువ్వు లేస్తుంది. తెలుపూ ఊదా కలిసిన పువ్వు. నేలే పూసినట్టుంటుంది.

దీని వెనక ఓ కథ ఉంది. లేకపోతే ఇది నా పోస్టే కాదంటారు మీరు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో బావ తాతకి తాత, మన్యం నుంచి కలప తెచ్చే తెప్పల మీద పనిచేసేవాడట. భార్యకి నగ తెస్తానని వెళ్ళి, ఈ దుంపలు మూటగట్టుకొచ్చాడట. ఆవిడ మాట్లాడ్డం మానేసింది. వేసవికి పూసింది. ఆ పువ్వు కొప్పులో పెట్టుకుని "అన్నానికి లేవండి" అందట.

అందుకే ఆ మూలకి ఎవరెళ్ళినా బావ కేకేసేవాడు.

"ఆయ్, అక్కడ కాలెట్టకండి. కింద మా మామ్మగారు పడుకున్నారండి."

మా కొత్తల్లుడు సీరియస్‌గా చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు.

కిందటి శ్రావణంలో వరద నీళ్ళు తోటలో నిలబడిపోయాయి. దుంపలు కుళ్ళాయో బతికాయో తెలీదు. తవ్వి చూద్దామన్నాను.

"పడుకున్నోళ్ళ దుప్పటి లాగేత్తామా బావా? వైశాఖం రానియ్యి."

మంచం పట్టాక కూడా నేను వెళ్ళినప్పుడల్లా అదే అడిగేవాడు, ఏమైనా లేచిందా అని. ఇంకా లేదని చెప్పడం నా వంతయింది.

వైశాఖం దాకా ఆగలేదు. ఫాల్గుణంలోనే వెళ్ళిపోయాడు.

బావా, అక్కడ కూడా నీకింత నీడ దొరకాలి. హాయిగా పడుకో. ఎవర్నీ కాలు పెట్టనివ్వను.

నిన్న మధ్యాహ్నం టెంట్ వాళ్ళు ఖాళీ జాగా అనుకుని ఆ మూలలోనే గునపం వేశారు. నేను వెళ్ళేసరికి ఓ దుంప పైకొచ్చేసింది. గట్టిగానే ఉంది. పక్కన చిన్న మొలక. మళ్ళీ మట్టి కప్పాను. వాళ్ళు టెంట్ పక్కకి జరిపారు.