ఒంటెల బొమ్మ కింద కుర్చీ

మీరు ఒకరు బెర్లిన్‌లో, ఒకరు జార్‌బ్రూకెన్‌లో చదువుతున్నారు. ఫోన్‌లో మాత్రం ఇద్దరిదీ ఒకటే సణుగుడు: చిన్నప్పుడు మాకో గది లేదు, హాల్లో పరుపేసుకుని పెరిగామని. దానికి మీ నాన్నను అంటారు. వాణ్ణి కాదు, మీ నాయనమ్మను, నన్ను అనండి.

మీ చిన్నప్పుడు మీ నాన్న అద్దె ఇంటికోసం ఎంతో తిరిగాక, ఇక్కడే జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊళ్లో మూడు గదుల ఇల్లు చూడ్డానికి టెర్మిన్, అదే రమ్మని ఒక టైము, దొరికింది. నన్నూ తీసుకెళ్లాడు. ఇంటావిడ కేకు కోసి పెట్టింది. సోఫాకు ఎదురు గోడకు పెద్ద బొమ్మ. ఎడారిలో ఒంటెల బిడారు ఆగింది. ఎర్ర దిండ్లకు ఆనుకుని తెల్లగా ఒక దొరసాని. ఆమె పాదాల మీద నా రంగు పనిమనిషి ఇత్తడి కూజాతో నీళ్లు పోస్తోంది. పైగా నవ్వుతోంది!

మీ నాన్న చదువు కోసం నేను కువైట్‌లో ఏడేళ్లు ఇంటిపని చేశాను. చలికాలం వాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుంటే వంటకు నేనూ వెళ్లాలి. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. జిడ్డు గిన్నెలు ఇసుకతో తోమి, చివర్లో రెండు చెంబుల నీళ్లతో కడిగేదాన్ని. ఒకసారి బిందె ఒలికితే మేడం చెంప మీద కొట్టింది. ఆ బొమ్మ గీసినవాడు ఆ ఇసుకతో ఒక్క గిన్నె తోమి ఉంటే ఆ నవ్వు పెట్టేవాడు కాదు.

ఇంటావిడ నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. అలమరలోంచి ఇత్తడి కూజా తెచ్చి నా చేతిలో పెట్టి, ఫోటోకని ఫోన్ తీసింది. మీ నాన్న నన్ను కూర్చోబెట్టడానికి బొమ్మ కిందికి కుర్చీ లాగాడు.

"కొంగు తలమీద కప్పుకోమంటా ఉంది మా. అచ్చం బొమ్మలో మనిషి మాదిరే ఉండావంట."

"ఏ మనిషిరా? దిండుకాడ ఉండేదా?"

వాడు తల దించుకున్నాడు. "కూజా ఆమె."

"ఊఁ."

"ఒక్క ఫోటోనే గదా మా. ఇల్లిచ్చేటట్టుంది. పిల్లోళ్లకు గదొస్తాది."

"అది జీతానికి చేసిన పని నాయనా. ఈమె ఫోటోకోసం ఊరికే చెయ్యను. చెప్పు ఆమెకు."

"ఎట్ల చెప్పేది మా?"

"అంత చదివిస్తిని, ఆ ఒక్క మాట రాదా నీకు?"

వాడు చెప్పలేదు. నేను కూజాను కేకు పక్కన పెట్టి, మెల్లగానే "నైన్" అన్నాను. వద్దనడానికి నాకొచ్చిన జర్మన్ మాట అదొక్కటే. ఆవిడ ఫోన్‌ను బల్ల మీద బోర్లించింది. తర్వాత మమ్మల్ని మిగతా గదులు చూడమని కూడా అనలేదు.

రెండు రోజులకు మెయిల్ వచ్చింది, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామని. మళ్లీ ఆ కూజా ఇచ్చినా నేను అదే అంటాను, మీరు ఎంత తిట్టుకున్నా.

ఇన్నేళ్లూ మీరు సణిగితే వాడే మాటలు పడ్డాడు, నా పేరు ఎత్తలేదు. నన్ను కాచాడో, తాను కుర్చీ లాగిన సంగతి దాచుకున్నాడో, నేను అడగలేదు.