పుట్టువెంట్రుకలు తీసిన రోజు

మా బాబుకు బొడ్డు ఊడిన సాయంత్రం నుంచి గుడ్డ నెత్తురుతో తడుస్తూనే ఉంది. ధారగా ఏమీ కాదు, కొంచెం కొంచెంగా. అత్తమ్మ పసుపు అద్దింది. ఆమె నాకు అత్తగారే కాదు, మా నాన్నకు సొంత అక్క కూడా.

దవాఖానాలో రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి. నెత్తురు మాత్రం ఆగలేదు.

"మీ ఆలుమగలు దగ్గరి సుట్టాలా?" అంది డాక్టరమ్మ.

"మేనత్త కొడుకే మేడం."

"ఇంట్లో పుట్టిన పిల్లలకెవరికన్న ఇట్ల అయిందా?"

"లేదు," అన్నాడు మా ఆయన.

మామూలు పరీక్షలకు దొరకని జబ్బు కావచ్చని, అది తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తుందని ఆమె చెప్పింది. శాంపిల్ హైదరాబాద్ పంపింది. ఫలితం తెలిసేదాకా కత్తి తగలనివ్వొద్దంది. ప్లాస్మా ఎక్కించాక నెత్తురు నిలిచింది. అల్లా దయ. ఇంటికి పంపించారు.

మర్నాడే అఖీఖా. పుట్టిన ఏడో రోజు బిడ్డకు గుండు చేయించి, మేకను కోసి బంధువులకు పెట్టే వేడుక. మట్టెవాడలోని మా ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. మంగలి వచ్చి కత్తికి కొత్త బ్లేడు ఎక్కిస్తున్నాడు.

"అత్తమ్మా, కత్తి వద్దన్నరు కద," అన్నాను.

"నెత్తురు ఆగింది కదనే. పుట్టెంట్రుకలు నెత్తి మీద ఉంచుకుంటరా? నా ముగ్గురు కొడుకులకు ఏడో రోజే గీయించిన."

నేను బడికి పోలేదు. తెలుగైనా ఖురానైనా ఇంట్లో నాన్న దగ్గర నేర్చుకున్నవే. "ఏడో రోజు దాటితే పద్నాలుగు, అదీ దాటితే ఇరవై ఒకటని మీ తమ్ముడే చెప్పిండు," అన్నాను.

"వాడు నాకు చెప్పెటోడయిండా! వాని ముక్కు తుడిసి పెంచింది నేను."

అందరూ నవ్వారు. అత్తమ్మ బాబును ఒళ్లో పెట్టుకుంది. తల తడపడానికి టోపీ తీసి, దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. అక్కడే ఆగిపోయింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.

"ఈ ముగ్గురికన్న ముందు ఒకడు పుట్టిండు," అంది. "గుండు గీస్తుంటే గాటు పడ్డది. మానిందే అనుకున్నం. తెల్లారి మళ్ల కారింది, ఇగ ఆగలే. దిష్టి అన్నరు."

తనకో అన్న ఉండేవాడని మా ఆయనకు అప్పుడే తెలిసింది.

"నువ్వు తిని పో తమ్మీ," అంది మంగలితో. "ఇయ్యాల కత్తి వద్దు."

"మరి గుండు?"

"గీకాలనే ఉంటే వాళ్ల నాయిన గడ్డం గీకు. దుబ్బు లెక్క పెరిగింది."

ఆమె చెప్పిన సంగతి డాక్టరమ్మకూ చెప్పాం. తర్వాత ఫలితం వచ్చింది. నెత్తురు గడ్డను గట్టిగా పట్టి ఉంచే పదార్థం బాబుకు పుట్టుకతోనే లేదట. దాన్ని నెలనెలా ఎక్కించుకుంటే చాలు, అందరు పిల్లల్లాగే పెరుగుతాడన్నారు. ఆ దారి చూపినందుకు రోజూ నమాజు తర్వాత కృతజ్ఞత చెప్పుకుంటాను. అత్తమ్మ మొదటి బిడ్డనూ తలుచుకుంటాను.

ఇరవై ఒకటో రోజున, డాక్టరమ్మ సరేనన్నాక, అదే మంగలి కత్తికి బదులు ట్రిమ్మింగ్ మిషన్ తెచ్చి చర్మానికి ఆనించకుండా జుట్టు తీశాడు. అత్తమ్మ ఆ చిన్న తలంతా అరచేత్తో నిమిరి, చెయ్యి వెలుగులోకి తిప్పి చూసుకుంది. రెండోసారి కూడా నిమిరి చూసుకుంది. తర్వాత టోపీ పెట్టింది.