అమ్మ పట్టిన తెలుగు పథ్యం

బంగారు గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్‌లో ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట: పిల్లల్ని ప్రపంచానికి తయారుచేయాలి. ఆ ప్రపంచం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే బెంగళూరు రైలెక్కితే తగులుతుందని మాత్రం అందరికీ నమ్మకం. గనిలో పని పోయిన మా నాన్న రోజూ ఆ రైలెక్కి వాచ్‌మన్ పనికి పోయేవాడు. ఆయనకు తగిలిన ప్రపంచం ఒక గేటు దాకే.

నన్ను కాల్ సెంటర్ కోచింగ్‌లో చేర్చారు. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టుకుని ఇంగ్లీషు చదివితే యాస పోతుందట. యాస పోలేదు, పెన్సిళ్ళు పోయాయి. అమెరికా వాళ్ళతో వాతావరణం గురించి కబుర్లు చెప్పాలి కాబట్టి మాస్టరు మాతో మంచు గురించి మాట్లాడించేవాడు. కిటికీలోంచి గని మట్టి పోసిన సైనైడు దిబ్బల దుమ్మొచ్చి బెంచీల మీద పడుతుంటే, "అబ్బ, ఎంత చక్కటి మంచు!" అని ఇంగ్లీషులో మురిసిపోయేవాళ్ళం.

ఒకరోజు మాస్టరు మా అమ్మను పిలిపించి, "ఇంట్లో తెలుగు మాట్లాడితే పాప యాస పోదమ్మా" అన్నాడు. పచ్చకామెర్లకు పథ్యం పట్టినట్టు పట్టింది అమ్మ. నాతో తెలుగు బంద్. ఆమెకు వచ్చిన ఇంగ్లీషేమో కమ్, గో, ఈట్, లైట్ ఆఫ్. పళ్ళెంలో సంగటి ముద్ద వేసి "ఈట్" అనేది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి మాట లేక నా మొహంలోకి చూసేది. అంతకుముందు మా అమ్మ నోరు మూయించడం దేవుడి తరం కూడా కాదని మా గని కార్మికుల లైన్ ఇళ్ళల్లో చెప్పుకునేవాళ్ళు. మాస్టరు తరమైంది. నాకు జ్వరమొచ్చి తల పగిలిపోతున్నప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి, ఏదో అడగబోయి మింగేసి, "స్లీప్" అంది. ఆ మాట ఎక్కడ సంపాదించిందో! నాకు ఏడుపొచ్చింది.

బెంగళూరులో ఒక ఫోన్ కంపెనీ కాల్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే మేనేజరమ్మ నా కాగితాలు చూసి, "తెలుగు వచ్చా? అయితే తెలుగు కాల్స్ నువ్వు తీసుకో" అంది. అమెరికా మంచు అంతా ఒక్క మాటతో కరిగిపోయింది. మాటలన్నీ రికార్డవుతాయి, రాసిచ్చిన వాక్యాలు దాటితే ఇంటికే అని కూడా చెప్పింది.

మొదటి కాల్ రాయల్పాడు నుంచి, మామిడితోట రైతు. "నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?" అన్నాను, రాసిచ్చినట్టే.

ఆయన మొహమాటంగా అడిగాడు: "అమ్మా, ఆడ తెలుగొచ్చేవాళ్ళు ఎవురన్నా ఉండారా? ఉంటే వాళ్ళకు ఫోన్ ఈమ్మా."

నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషుకే కాదు, ఇప్పుడు తెలుగుకూ పనికిరానా! రికార్డు సంగతి మరిచిపోయి, "నాకు రాకుంటే ఇంగెవురికొస్తాదప్పా! ఏమైనాదో చెప్పు" అన్నాను.

"అట్ల మాట్లాడమ్మా! నాకు ఫోన్లొస్తా ఉండాయి, నేను చేస్తే పోవు. కాయలు కొనేటోడికి మాట చెప్పల్ల." ఆ పని అయ్యేలోపు ఆవు ఈనిన సంగతి కూడా చెప్పాడు.

సాయంత్రం మేనేజరమ్మ పిలిచింది. పెట్టె సర్దుకోవాల్సిందే అనుకున్నాను. ఆమె ఆ రికార్డు వినిపించి, "ఆ రైతు నీకు పూర్తి మార్కులిచ్చాడు. కొత్తవాళ్ళకు ఇలా మాట్లాడటం నువ్వే నేర్పాలి. ప్రపంచమంతా ఇప్పుడు ఇదే పద్ధతి" అంది.

ఇంటికి ఫోన్ చేశాను. "హలో. హూ?" అంది అమ్మ జాగ్రత్తగా.

"నేనేమ్మా. తెలుగులో మాట్లాడు. ఉద్యోగం దానికే నిలిచినాది."

"మీ మాస్టరుకు తెలిస్తే?"

"ఇప్పుడు నేనే మాస్టర్ని."

అప్పుడు అడిగింది అమ్మ: "ఆ పొద్దు జొరమొచ్చినాది గదా పాపా, తలనొప్పి ఎట్లుండాదని అడగనే లేదు. ఎట్లుండాది?"

అది తగ్గి నెలలైంది. "ఇంగా కొంచెం ఉండాదమ్మా" అన్నాను. ఏ ఆకు నూరి నుదుటికి పట్టు వేయాలో మొదలుపెట్టి, ఆపకుండా చెబుతూనే ఉంది.